కేబుల్ టీవీ మీద ఫిర్యాదు: ఏ కాగితం ఏ ఆఫీసులో ఇవ్వాలి

ఒక సోమవారం మా వీధి వాళ్ళం ఆరుగురం కలెక్టరేట్‌కి వెళ్ళాం. టోకెన్ తీసుకుని గంటన్నర కూర్చున్నాక మా వంతు వచ్చింది. అర్జీలో మూడు బాధలు ఒకే పేరాలో కుక్కేశాం. కేబుల్ బిల్లు చెప్పకుండా పెంచాడు, నాలుగు రోజుల నుంచి బొమ్మ రావడం లేదు, వీధి చివర స్తంభం నుంచి తీగలు మెడ ఎత్తుకి వేలాడుతున్నాయి. అర్జీ అందుకున్న ఉద్యోగి మొదటి రెండు లైన్లు చదివి, "రేట్లు మా పరిధిలోవి కాదండీ, ట్రాయ్‌కి రాసుకోండి" అని తిరిగిచ్చేశాడు. మూడో లైను దాకా ఆయన రానేలేదు. తీగల సంగతి చూడాల్సిన మున్సిపల్ అధికారి, కరెంటు ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) ఇద్దరూ అదే హాల్లో రెండు బల్లల అవతల కూర్చుని ఉన్నారు.

తప్పు ఆయనది కాదు, మాదే. కేబుల్ టీవీని అదుపు చేసే అధికారం ప్రభుత్వానికి ఉంది గానీ అదంతా ఒకచోట లేదు. బిల్లు, సిగ్నల్, ప్యాకేజీల గొడవలు ట్రాయ్ (టెలికాం, టీవీ సేవలకి నిబంధనలు పెట్టే కేంద్ర సంస్థ) నిబంధనల కిందికి వస్తాయి. తెర మీద ఏం చూపిస్తున్నారు, ఆపరేటర్‌కి అసలు రిజిస్ట్రేషన్ ఉందా అన్నది జిల్లా యంత్రాంగం చూడాలి. తీగలు, స్తంభాలు, తవ్వి వదిలేసిన రోడ్లు మున్సిపాలిటీ లేదా పంచాయతీ, దాంతోపాటు కరెంటు ఆఫీసు. అందుకే ఒక బాధకి ఒక కాగితం. ట్రాయ్ పేరు అందరికీ తెలుసు కాబట్టి దాని గురించి కాస్త త్వరగా చెప్పి, కలెక్టరు చేతిలోనూ మున్సిపాలిటీ చేతిలోనూ ఏముందో నిదానంగా చెబుతాను. వాటి గురించి చాలామందికి తెలియదు, కొందరు అధికారులకి కూడా.

మొదటి అడుగు: మీ ఆపరేటర్ ఎవరో కనుక్కోండి

నెలనెలా ఇంటికొచ్చి డబ్బులు తీసుకెళ్ళే మనిషి లోకల్ కేబుల్ ఆపరేటర్, లేదా ఆయన దగ్గర పనిచేసే కుర్రాడు. ఛానెళ్ళని పోగేసి సిగ్నల్ పంపేది పైన ఉన్న పెద్ద సంస్థ, ఎంఎస్‌వో. మీ సెట్‌టాప్ బాక్స్ మీద ఉండే పేరు సాధారణంగా ఆ ఎంఎస్‌వోదే. ఆంధ్రలో ఏపీ ఫైబర్‌నెట్ తీసుకున్నవాళ్ళ ఇంటికి కూడా చాలా ఊళ్ళలో వైరు తెచ్చేది ఆ లోకల్ ఆపరేటరే. ఫిర్యాదులో ఇద్దరి పేర్లూ ఉండాలి. లేకపోతే ఆపరేటర్ పై సంస్థని చూపిస్తాడు, పై సంస్థ ఆపరేటర్‌ని చూపిస్తుంది, కాగితం మధ్యలో తిరుగుతుంది.

బాక్స్‌ని తిరగేసి దాని అడుగున ఉన్న నంబరు ఫోటో తీసుకోండి. ఏ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసినా మొదట అడిగేది అదే. గత మూడు నెలల రసీదులు వెతకండి. రసీదు ఇవ్వడంలేదా? అయితే ఈ నెల నుంచి ఫోన్‌పేలోనో గూగుల్‌పేలోనో కట్టండి. "రసీదెందుకమ్మా, మనం మనం కదా" అనే మాటకి లొంగకండి.

తర్వాత రిజిస్ట్రేషన్. 1995 కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్స్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా ఎవరూ కేబుల్ నడపకూడదు. చాలా ఏళ్ళు ఇది హెడ్ పోస్టాఫీసులో జరిగేది. ఆపరేటర్ ఏడాదికోసారి 500 రూపాయలు కట్టి పోస్ట్‌మాస్టర్ దగ్గర రెన్యూవల్ చేయించుకునేవాడు. 2025 జనవరి 17 నుంచి పద్ధతి మారింది. ఇప్పుడు కేంద్ర సమాచార ప్రసార శాఖే ఆన్‌లైన్‌లో, బ్రాడ్‌కాస్ట్ సేవా పోర్టల్ ద్వారా, 5,000 రూపాయల రుసుముతో ఐదేళ్ళకి రిజిస్ట్రేషన్ ఇస్తోంది. పాత రిజిస్ట్రేషన్లు వాటి గడువు దాకా చెల్లుతాయి. కాబట్టి ఆపరేటర్ పాత పోస్టాఫీసు కాగితం చూపిస్తే దొంగది అనుకోకండి, దాని మీది తేదీ చూడండి.

రెండో అడుగు: బిల్లు, సిగ్నల్ గొడవలని విడిగా తేల్చుకోండి

ముందుగా వాట్సాప్‌లో ఇంకా తిరుగుతున్న ఒక మాట సంగతి. "130 రూపాయలకంటే ఎక్కువ వసూలు చేస్తే నేరం" అని. 2019 ఫిబ్రవరిలో ట్రాయ్ కొత్త విధానం వచ్చినప్పుడు నెట్‌వర్క్ ఛార్జీ, అంటే పే ఛానెళ్ళ ధర కాక కనెక్షన్‌కి నెలనెలా కట్టేది, 130 రూపాయలు దాటకూడదన్నది నిజమే, పన్ను అదనం. తర్వాత 2020లో అదే 130కి 200 ఛానెళ్ళు ఇవ్వాలన్నారు, అంతకుమించితే 160 గరిష్ఠం. అయితే 2024 జులైలో ఆ పరిమితిని ఎత్తేశారు. ఇప్పుడు నెట్‌వర్క్ ఛార్జీ ఎంతో సంస్థే నిర్ణయించుకుంటుంది. కనక కలెక్టరేట్‌కి ఆ 130 మాట పట్టుకెళ్తే అర్జీ అక్కడే చచ్చిపోతుంది.

ఇప్పటికీ మన చేతిలో మిగిలినవి వేరే ఉన్నాయి. పే ఛానెల్‌కి దాని కంపెనీ ప్రకటించిన గరిష్ఠ ధరకంటే ఎక్కువ తీసుకోకూడదు. ఆ ధర టీవీలో ఛానెళ్ళ జాబితాలో ఛానెల్ పేరు పక్కనే కనిపించాలి. మీరు అడగని ప్యాకేజీని మీకు అంటగట్టకూడదు. సిగ్నల్ వరసగా 72 గంటలు దాటి పోతే ఆ రోజుల డబ్బు బిల్లులో తగ్గించాలి. "నాలుగు రోజులు రాలేదు కదా, వంద తగ్గించు" అని మీరు కుర్రాడితో బేరమాడాల్సిన పనిలేదు, అది మీకు రావాల్సిన డబ్బే.

దారి ఇలా. ఎంఎస్‌వో కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి. నంబరు లేని ఫిర్యాదు ఫిర్యాదే కాదు. పని కాకపోతే అదే సంస్థ రాష్ట్రంలో నియమించిన నోడల్ ఆఫీసర్‌కి ఈమెయిల్ పంపండి, ఆ వివరాలు సంస్థ వెబ్‌సైట్లో ఉండి తీరాలి. అప్పటికీ కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్. 5 లక్షల లోపు విలువకి కమిషన్‌లో రుసుము లేదు, లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. ట్రాయ్‌కి రాసినా అది ఒక్కొక్కరి ఫిర్యాదు మీద తీర్పు చెప్పదు, సంస్థకి పంపిస్తుంది. అపార్ట్‌మెంట్ అంతా కలిసి ఒక వినియోగదారుల బృందంగా వెళ్ళగలిగితే టెలికాం, టీవీ వివాదాలు విచారించే ఢిల్లీలోని టీడీశాట్ ట్రైబ్యునల్ తలుపు కూడా తెరిచే ఉంది. నాకు తెలిసి మన వైపు ఆ దారి తొక్కేవాళ్ళు అరుదు.

మూడో అడుగు: కలెక్టరు అధికారాన్ని కదిలించండి

1995 చట్టంలో 'అధీకృత అధికారి' అనే మాట ఉంది. అంటే ఎవరు? జిల్లా మేజిస్ట్రేటు హోదాలో కలెక్టరు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు హోదాలో ఆర్డీవో, నగరాల్లో పోలీస్ కమిషనర్. ఢిల్లీ దాకా వెళ్ళకుండా మీ ఆర్డీవో ఆఫీసు వరండాలోనే వీళ్ళలో ఒకరు దొరుకుతారు.

వీళ్ళు రెండు పెద్ద పనులు చేయగలరు. సెక్షన్ 11 కింద ఆపరేటర్ పరికరాలని స్వాధీనం చేసుకోవచ్చు: రిజిస్ట్రేషన్ లేకపోయినా, తప్పనిసరిగా ఇవ్వాల్సిన దూరదర్శన్ ఛానెళ్ళు ఇవ్వకపోయినా, ప్రోగ్రామ్ కోడ్‌ని, ప్రకటనల కోడ్‌ని (తెర మీద ఏవి చూపించకూడదో చెప్పే నియమాలు) ఉల్లంఘించినా. సెక్షన్ 19 కింద, ప్రజాప్రయోజనం కోసం ఒక కార్యక్రమాన్ని గానీ ఛానెల్‌ని గానీ ప్రసారం చేయొద్దని ఉత్తర్వు ఇవ్వవచ్చు. కోడ్‌కి విరుద్ధంగా ఉన్నా, మతం, కులం, భాష పేరుతో జనం మధ్య చిచ్చు పెట్టేలా ఉన్నా ఈ సెక్షన్ వర్తిస్తుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది, దాన్ని పట్టుకోకపోతే ఫిర్యాదు దారి తప్పుతుంది. ప్రోగ్రామ్ కోడ్ ఉల్లంఘించారని పరికరాలు స్వాధీనం చేసుకోవాలంటే అది ఆపరేటర్ స్థాయిలో సొంతంగా తయారైన ఛానెల్‌కే పరిమితం. అంటే ఊళ్ళో వచ్చే సిటీ ఛానెల్, సినిమా ఛానెల్, భక్తి ఛానెల్ లాంటివి. శాటిలైట్ ఛానెల్లో ఏదో తప్పు వస్తే దానికి మీ ఊరి ఆపరేటర్ పెట్టె ఎత్తుకుపోరు. దానికి 2021లో వచ్చిన మూడంచెల పద్ధతి ఉంది. మొదట ఛానెల్‌కే రాయాలి, వాళ్ళు 24 గంటల్లో అందిందని చెప్పి 15 రోజుల్లో తేల్చాలి. తృప్తి లేకపోతే ఛానెళ్ళ స్వీయ నియంత్రణ సంస్థకి, ఆపైన కేంద్ర శాఖకి. కాబట్టి అర్జీ రాసేముందు ఆ కార్యక్రమం ఏ రకం ఛానెల్‌లో వచ్చిందో తేల్చుకోండి.

లోకల్ ఛానెళ్ళకి ఇప్పుడు ప్రభుత్వం 'ప్లాట్‌ఫామ్ సర్వీసులు' అని పేరు పెట్టింది. 2022 నవంబర్ 30న వచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఎంఎస్‌వో తన మొత్తం ఛానెళ్ళ సామర్థ్యంలో 5 శాతానికి మించి వీటిని నడపకూడదు, ఒక్కోదానికి 1,000 రూపాయలు కట్టి రిజిస్టర్ చేయించాలి, తెర మీద అది ప్లాట్‌ఫామ్ సర్వీసు అని కనిపించాలి. స్థానిక వార్తలు చూపించాలంటే సంస్థ కంపెనీగా నమోదై ఉండాలి. అన్నిటికంటే మనకి పనికొచ్చేది: ప్రసారం చేసినదాన్ని 90 రోజులు రికార్డు ఉంచాలి. ఈ 90 రోజుల లెక్క గుర్తుంచుకోండి. నెలన్నర ఆలోచించి, ఇంకో నెలన్నర తిరిగి, ఆ తర్వాత అర్జీ ఇస్తే అక్కడ చూడడానికి ఏమీ మిగలదు.

విడుదలైన వారానికే కొత్త సినిమా సిటీ కేబుల్లో వచ్చేస్తే మనం సంబరంగా చూస్తాం గానీ, హక్కులు లేకుండా వేయడం కేబుల్ నిబంధనలకే విరుద్ధం. అందరూ చూడదగ్గది కాని సినిమా వేయకూడదు. ఇంటిల్లిపాదీ కూర్చుని ఉన్న రాత్రి తొమ్మిదింటికి పెద్దలకి మాత్రమే సర్టిఫికెట్ ఉన్న సినిమా పడితే మీరు చేయాల్సింది ఫోన్ తీయడం. తెర, పక్కన గోడ గడియారం, ఛానెల్ నంబరు మూడూ ఒకే వీడియోలో వచ్చేలా ముప్పై సెకన్లు తీయండి. సినిమా పేరు, తేదీ, మొదలైన సమయం ఒక చీటీ మీద రాసుకోండి.

అర్జీ ఇంతకంటే పొడవు ఉండక్కర్లేదు:

"గౌరవనీయులైన జిల్లా కలెక్టరు గారికి. విషయం: మా పట్టణంలోని లోకల్ కేబుల్ ఛానెల్ (ఛానెల్ నంబరు …) ప్రోగ్రామ్ కోడ్ ఉల్లంఘన, 1995 కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్స్ చట్టం సెక్షన్లు 11, 19 కింద చర్య కోరుతూ. అయ్యా/అమ్మా, … తేదీ రాత్రి … గంటలకి ఈ ఛానెల్లో … ప్రసారమైంది. వీడియో ఉన్న పెన్‌డ్రైవ్ జత చేశాను. మార్గదర్శకాల ప్రకారం సంస్థ దగ్గర 90 రోజుల రికార్డు ఉంటుంది కనక దాన్ని వెంటనే తెప్పించి చూడవలసిందిగా, ఈ ఫిర్యాదుని జిల్లా మానిటరింగ్ కమిటీ ముందు ఉంచవలసిందిగా, తీసుకున్న చర్య నాకు రాతపూర్వకంగా తెలపవలసిందిగా ప్రార్థన."

చివర్లో ఉన్న జిల్లా మానిటరింగ్ కమిటీ గురించి. కేబుల్లో వచ్చే సరుకు మీద జనం చెప్పుకునే చోటు ఉండాలని కేంద్ర సమాచార ప్రసార శాఖ 2005లో రాష్ట్ర, జిల్లా స్థాయి కమిటీలు వేయమంది, 2008లో వాటికి మార్గదర్శకాలు ఇచ్చింది. జిల్లా కమిటీకి కలెక్టరో పోలీస్ కమిషనరో అధ్యక్షులు. ఎస్పీ, జిల్లా పౌరసంబంధాల అధికారి, ఒక మహిళా కళాశాల ప్రిన్సిపాల్, పిల్లల సంక్షేమం, మహిళల సంక్షేమం చూసే స్వచ్ఛంద సంస్థల వాళ్ళు, ఒక విద్యావేత్తో మనస్తత్వవేత్తో అందులో ఉండాలి. పని ఏమిటంటే, ఫిర్యాదులు వినడం, లోకల్ ఛానెళ్ళ మీద కన్నేయడం, ఉచిత ఛానెళ్ళు, తప్పనిసరి ఛానెళ్ళు అందరికీ అందుతున్నాయో లేదో చూడడం, స్థానిక వార్తలు ఒక పక్షానికి కొమ్ము కాయకుండా చూడడం. కాగితం మీద బ్రహ్మాండంగా ఉంది. మీ జిల్లాలో అది చివరిసారి ఎప్పుడు కూర్చుందో అడిగి చూడండి. ఆ ప్రశ్న అడగడమే ఒక పని, ఎలా అడగాలో కింద చెబుతాను.

అధికారికి జైలు గురించి చెప్పి బెదిరించకండి. 2023 జన విశ్వాస్ చట్టంతో ఈ చట్టంలోని జైలు శిక్షలు తీసేశారు, వాటి స్థానంలో హెచ్చరిక, మందలింపు, జరిమానా వచ్చాయి. పాత వ్యాసాలు చూసి "రెండేళ్ళ జైలు" అని రాస్తే మీ అర్జీ మీద గౌరవం పోతుంది.

ఎన్నికలొచ్చినప్పుడు మాత్రం ఇదే యంత్రాంగం ఉరుకులు పెడుతుంది. దానికి మన రాష్ట్రానికే చెందిన కథ ఉంది. టీవీలో రాజకీయ ప్రకటనలని నిషేధించిన కేబుల్ నిబంధనని 2004 మార్చిలో అప్పటి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు పక్కన పెట్టింది. ఆ జెమినీ టీవీ కేసు సుప్రీంకోర్టుకి వెళ్ళింది. 2004 ఏప్రిల్ 13న సుప్రీంకోర్టు, టీవీలో, కేబుల్లో వచ్చే ఏ రాజకీయ ప్రకటనకైనా ముందస్తు అనుమతి ఉండాలని చెప్పింది. గుర్తింపు పొందిన పార్టీలు, అభ్యర్థులు ప్రసారానికి కనీసం 3 రోజుల ముందు, మిగతావాళ్ళు 7 రోజుల ముందు దరఖాస్తు చేయాలి. ఎన్నికల వేళ జిల్లాలో దీనికోసం ఎంసీఎంసీ అనే కమిటీ పనిచేస్తుంది. సిటీ ఛానెల్లో కింద స్క్రోల్‌గా అభ్యర్థి ప్రచారం వస్తుంటే అర్జీ అక్కడికే, అదే రోజు.

నాలుగో అడుగు: తీగల కోసం మున్సిపాలిటీ

2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత కరెంటు సంస్థ స్తంభాల మీది కేబుళ్ళని పెద్దఎత్తున కోయించింది. సగం నగరంలో ఇంటర్నెట్ పోయిందని గోల, ఒక టెలికాం కంపెనీ హైకోర్టుకి వెళ్ళింది. ప్రమాదం జరిగాక కోయడం వేరు, ముందే లెక్క అడగడం వేరు. ఆ లెక్క అడిగే అధికారం స్థానిక సంస్థలకి చట్టంలోనే ఉంది.

1995 కేబుల్ చట్టంలోకి సెక్షన్ 4బి అని 2011 సవరణలో వచ్చింది. ప్రభుత్వ స్థలం మీద తీగలు లాగడానికి, స్తంభాలు పాతడానికి ఆపరేటర్ ఆ స్థలం ఎవరి చేతిలో ఉందో వాళ్ళ అనుమతి తీసుకోవాలి. మున్సిపాలిటీ, పంచాయతీ, రోడ్లు భవనాల శాఖ, ఎవరైనా కావచ్చు. అనుమతి ఇచ్చేవాళ్ళు షరతులు పెట్టవచ్చు: పని ఎప్పుడు చేయాలి, ఎలా చేయాలి, తవ్విన చోటు ఎలా పూడ్చాలి, ఖర్చు ఎవరు పెట్టుకోవాలి. ఈ షరతులు రాయించడమే కౌన్సిలర్ పని. చాలా పట్టణాల్లో జరిగేది వేరు. ఆపరేటర్ నిచ్చెన వేసుకుని కరెంటు స్తంభం ఎక్కుతాడు, ఎవరూ ఏమీ అడగరు.

ఫిర్యాదులో వీధి పేరు ఒక్కటే రాస్తే సరిపోదు. కరెంటు స్తంభం మీద పెయింట్‌తో ఒక నంబరు రాసి ఉంటుంది, అది వేయండి. మా స్తంభం దగ్గర నేను చేసింది ఇది. స్కూలు ఆటో ఆగి ఉన్నప్పుడు దాని పక్కనే వేలాడుతున్న తీగ ఫోటో తీశాను. అప్పుడు ఎత్తు ఎంతో ఎవరికీ చెప్పనక్కర్లేకుండా అర్థమైంది, తీగ ఆటో కప్పుకంటే కిందికుంది. ఆ ఫోటోతో రెండు కాగితాలు, ఒకటి మున్సిపల్ కమిషనర్‌కి, ఒకటి కరెంటు ఏఈకి. కరెంటు తీగకి తగిలేలా ఉంటే కాగితం కోసం ఆగకండి, 1912కి ఫోన్ చేయండి. ఎట్టి పరిస్థితిలోనూ మీరే కత్తెర పట్టుకోకండి. అది కేబుల్ తీగేనని మీరనుకుంటారు, అది కరెంటు తీగకి ఎక్కడ తగిలి ఉందో మీకు కనిపించదు.

పల్లెల్లో అయితే పంచాయతీ కార్యదర్శికి ఇచ్చి, వచ్చే గ్రామసభలో దీని మీద తీర్మానం పెట్టించండి. తీర్మానం ఉంటే ఆపరేటర్ సర్పంచ్‌తో మాట్లాడి సర్దుకోవడం కష్టమవుతుంది.

ఐదో అడుగు: సమాచార హక్కు కింద అడగండి

అర్జీ ఇచ్చి ఊరుకుంటే అది ఫైల్లో నిద్రపోతుంది. అందిన ముద్ర వేసిన నకలు మీ దగ్గర ఉంచుకుని, నెల దాటాక సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. తెలుగు రాష్ట్రాల్లో గ్రామ స్థాయిలో దీనికి రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. జవాబు 30 రోజుల్లో రావాలి, రాకపోతే అదే శాఖలో పై అధికారికి మొదటి అప్పీలు.

దరఖాస్తులో "ఎందుకు చర్య తీసుకోలేదు" అని అడగకండి. ఎందుకు అన్న ప్రశ్నకి సమాచారం లేదని జవాబొస్తుంది. కాగితాలు అడగండి. కలెక్టరేట్‌ని: జిల్లా మానిటరింగ్ కమిటీ సభ్యుల జాబితా, గత మూడేళ్ళలో జరిగిన సమావేశాల మినిట్స్ నకళ్ళు, ఫిర్యాదుల రిజిస్టర్ నకలు. మున్సిపాలిటీని: పట్టణంలో కేబుల్ తీగలకి ఇచ్చిన అనుమతుల జాబితా, వాటి షరతులు, రోడ్డు పూడ్చడానికి కట్టించుకున్న డిపాజిట్ మొత్తం. ఈ రెండో దరఖాస్తుకి "అనుమతులు ఏవీ లేవు" అని జవాబొస్తే బాధపడకండి. మీ చేతికి వచ్చినవాటిలో అదే పెద్ద ఆయుధం. అనుమతి లేని తీగలు ఎలా ఉన్నాయని వార్డు సమావేశంలో ఆ కాగితం ఎత్తి అడగవచ్చు.

ఒక జాగ్రత్త. లోకల్ ఆపరేటర్ చాలాసార్లు మీ కాలనీలోనే ఉండే చిన్న మనిషి, పైన ఎంఎస్‌వో ఒత్తిడి, కింద వసూళ్ళ బాధ. కొందరు కోపంతో ఫిర్యాదిచ్చినవాళ్ళ బాక్స్ ఆపేస్తారు. అలా జరిగితే ఆ తేదీ, సమయం రాసుకుని కస్టమర్ కేర్‌కి కొత్త ఫిర్యాదు నంబరు తీసుకోండి, పాత అర్జీ నకలుతో కలిపి ఉంచండి. వినియోగదారుల కమిషన్ ముందు ఆ రెండు తేదీలే మాట్లాడతాయి. వీలైతే అర్జీ మీద ఒక్కరు కాక పదిమంది సంతకం చేయండి, పది ఇళ్ళ బాక్సులు ఒకేసారి ఆపడానికి ఎవరికీ చేయి రాదు.

మేము రెండోసారి వెళ్ళినప్పుడు మూడు కాగితాలు పట్టుకెళ్ళాం. తీగల కాగితం మున్సిపల్ బల్ల మీద, దాని నకలు కరెంటు ఏఈ బల్ల మీద, మిగతా రెండూ ఎంఎస్‌వో నోడల్ ఆఫీసర్‌కి ఈమెయిల్లో. పదకొండో రోజున ఇద్దరు కుర్రాళ్ళు నిచ్చెనతో వచ్చి తీగలన్నీ కట్టగా కట్టి పైకి ఎత్తారు. బొమ్మ రాని నాలుగు రోజుల డబ్బు తర్వాతి బిల్లులో తగ్గింది. పెంచిన రేటు మాత్రం తగ్గలేదు, మా వీధిలో ఇద్దరు డిష్‌కి మారిపోయారు.